కనబడని 26 ముక్కలు: బ్రిడ్జిలో పాట, తొలి లీడ్ ఏం చెబుతాయి

క్లుప్తంగా: బ్రిడ్జి పేకాటలో వేలం పాట గెలిచి ఆడే డిక్లేరర్‌కు తన 13 ముక్కలు, బల్ల మీద పరిచేసిన తన జోడీ (డమ్మీ) 13 ముక్కలు కనిపిస్తాయి. మిగిలిన 26 ప్రత్యర్థుల చేతుల్లో ఉంటాయి. అవతలివాళ్లు పాడిన పాట, పాడకుండా వదిలేసిన పాట, మొదట వేసిన ముక్క, వేయకుండా ఉంచుకున్న ముక్క కలిపి చూస్తే ఆ 26లో చాలావాటి చోటు తెలుస్తుంది. సూట్లు ఎలా చీలతాయో చెప్పే శాతాల పట్టిక ఏ ఆధారమూ లేనప్పుడే పనికొస్తుంది. ఆధారం దొరికిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. ఎలా మారుతుందో, ఎక్కడ మోసపోతామో ఈ వ్యాసం వివరిస్తుంది.

పంపకం వరకే అదృష్టం

2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో బ్రిడ్జి మొదటిసారి పతకాల పోటీ అయింది. పురుషుల జంటల విభాగంలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ దే సర్కార్ మన దేశానికి స్వర్ణం తెచ్చారు. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో పురుషుల జట్టుకు రజతం వచ్చింది. రెండుసార్లూ చాలామందికి ఒకే సందేహం కలిగింది. పేకాటకు పతకం ఏమిటి, మంచి ముక్కలు పడినవాడే గెలుస్తాడు కదా అని.

ఈ ప్రశ్నకు తెలుగునేలతో సంబంధం ఉన్న పాత జవాబు ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించడం మీద నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెబుతూ, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని కోర్టు పోల్చింది. ముక్కలు కలిపి పంచే ఏ ఆటలోనైనా ఆ మాత్రం అదృష్టం తప్పదని కూడా అంది. ఆ పోలిక సరైనది. బ్రిడ్జిలో అదృష్టం పని పంపకంతో చాలావరకు అయిపోతుంది. పోటీల్లో అవే ముక్కలను వేర్వేరు బల్లల మీద వేర్వేరు జంటల చేత ఆడిస్తారు కాబట్టి, మంచి ముక్కలు పడ్డాయన్న మాటకు అక్కడ చోటు ఇంకా తక్కువ.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్నవారు ఒక జంట. కూర్చున్న చోట్లను దిక్కుల పేర్లతో పిలుస్తారు. ఉత్తరం, దక్షిణం ఒక జంట, తూర్పు, పడమర మరో జంట. ముందు వేలం పాట జరుగుతుంది. "4 ఇస్పేట్లు" అని పాడితే ఇస్పేటు తురుపుగా ఆరు మీద నాలుగు, అంటే 10 ట్రిక్కులు తీస్తామని మాట ఇచ్చినట్టు. నలుగురూ తలా ఒక ముక్క వేసే ఒక్కో విడత ఒక ట్రిక్కు. తురుపు లేకుండా ఆడే పాట నోట్రంప్. పాట గెలిచిన జంటలో ఆ సూట్‌ను ముందుగా పాడినవారు డిక్లేరర్ అవుతారు. డిక్లేరర్‌కు ఎడమవైపు ఉన్నవారు తొలి ముక్క వేస్తారు. అదే తొలి లీడ్. ఆ తర్వాత డిక్లేరర్ జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేస్తారు. అదే డమ్మీ. ఈ వ్యాసంలో ప్రతిచోటా దక్షిణమే డిక్లేరర్, తొలి లీడ్ పడమరది.

ముక్కల బలం కొలవడానికి ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పాయింట్లు వేస్తారు. కట్ట మొత్తానికి 40. మొదటగా పాట తెరవాలంటే సాధారణంగా 12, 13 పాయింట్లు కావాలి. వ్యాసంలో వచ్చే లెక్కంతా ఈ చిన్న కూడికే.

కోటి నాలుగు లక్షల నుంచి నాలుగున్నర లక్షలకు

డిక్లేరర్‌కు కనబడని 26 ముక్కలు రెండు చేతుల్లోకి 1,04,00,600 రకాలుగా చేరవచ్చు. బ్రిడ్జి పుస్తకాల్లో కనిపించే శాతాలన్నీ ఈ కోటి పైచిలుకు పంపకాలను సమానంగా చూసి వేసినవే. ఒక సూట్‌లో ఐదు ముక్కలు బయట ఉంటే అవి 3–2గా, అంటే ఒకరికి మూడు, ఇంకొకరికి రెండుగా చీలే అవకాశం దాదాపు 68 శాతం, 4–1గా 28 శాతం. ఆరు బయట ఉంటే 3–3 సుమారు 36 శాతమే, 4–2 సుమారు 48 శాతం.

ఇప్పుడు పడమర మొదటే "3 ఆఠీన్లు" అని పాడిందనుకుందాం. పాయింట్లు తక్కువై ఒకే సూట్ బాగా పొడవుగా ఉన్నప్పుడు, అవతలివాళ్లకు పాడే జాగా లేకుండా చేయడానికి పాడే పాట ఇది. మామూలుగా ఏడు ముక్కలు ఉంటాయి. డిక్లేరర్, డమ్మీ కలిపి నాలుగు ఆఠీన్లు ఉంటే బయట తొమ్మిది ఉన్నట్టు. పడమరకు ఏడు, తూర్పుకు రెండు. ఈ షరతుకు సరిపోయే పంపకాలు 4,45,536 మాత్రమే. ఇంకా ఒక్క ముక్క కూడా పడలేదు, కానీ ఒక్క పాటతో నూటికి 95కు పైగా అవకాశాలు కొట్టుకుపోయాయి. అయినా చాలామంది ఆ కోటి పంపకాలకు వేసిన శాతాలనే పట్టుకుని ఆడతారు. క్లబ్బుల్లో కనిపించే పొరపాట్లలో ఇది చాలా ఖరీదైనది.

దీని ప్రభావం ఒక ముక్కలో చూద్దాం. తురుపు ఇస్పేటు. రెండు చేతుల్లో కలిపి తొమ్మిది ఇస్పేట్లు ఉన్నాయి, రాణి మాత్రం లేదు. డమ్మీలో రాజు, దక్షిణం దగ్గర ఆసు, జాకీ. ముందు రాజు వేస్తే రెండు వైపులా చిన్న ముక్కలు పడ్డాయి. తర్వాత డమ్మీ నుంచి చిన్నది వేస్తే తూర్పు మళ్లీ చిన్నదే వేసింది. బయట మిగిలింది రాణి ఒక్కటే. అది పడమర దగ్గర ఉంటే ఆసు వేసి రాల్చాలి. తూర్పు దగ్గర ఉంటే జాకీ వేసి గెలవాలి. ఈ రెండోదాన్నే ఫినెస్ అంటారు.

ఏ సమాచారమూ లేకపోతే లెక్క ఇలా ఉంటుంది. పడమర ఒక ఇస్పేటు చూపింది, మిగతా 12 చోట్లు ఖాళీ. తూర్పు రెండు చూపింది, 11 చోట్లు ఖాళీ. రాణి పడమర దగ్గర ఉండే అవకాశం 23లో 12, అంటే 52 శాతం. తొమ్మిది ఉంటే ఫినెస్ చేయకూడదని కొత్తవాళ్లకు నేర్పే సూత్రం ఈ చిన్న తేడా మీదే నిలబడింది. పడమర 3 ఆఠీన్లు పాడి ఉంటే? పడమరకు ఏడు ఆఠీన్లు, ఒక ఇస్పేటు పోగా ఖాళీలు ఐదే. తూర్పుకు రెండు ఆఠీన్లు, రెండు ఇస్పేట్లు పోగా తొమ్మిది. రాణి తూర్పు దగ్గర ఉండే అవకాశం 14లో 9, అంటే 64 శాతం. సూత్రం తలకిందులైంది. ఇక్కడ ఆసు వేయడం తప్పు.

పాస్ అన్న మాటకూ బరువుంది

పాడిన పాటను ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. గెలుపు ఓటములు తేలేది ఎక్కువగా పాడని పాట దగ్గర. కింద ఉన్నది వివరణ కోసం పేర్చిన పంపకం. డిక్లేరర్‌కు కనిపించేవి ఇవి.

ఉత్తరం (డమ్మీ)
ఇస్పేటు: ఆసు 8 6 3
ఆఠీను: 9 5 2
డైమను: రాజు 7
కళావరు: రాజు జాకీ 10 4

దక్షిణం (డిక్లేరర్)
ఇస్పేటు: రాజు రాణి జాకీ 10 5
ఆఠీను: 8 6
డైమను: రాణి జాకీ 3
కళావరు: ఆసు 9 3

ముక్కలు పంచింది పడమర కాబట్టి ముందు పాడే వంతు దానిదే. పడమర పాస్, ఉత్తరం పాస్, తూర్పు పాస్. దక్షిణం 1 ఇస్పేటుతో తెరిచింది, ఉత్తరం 3 ఇస్పేట్లు అంది, దక్షిణం 4 ఇస్పేట్లతో ముగించింది. అవతలివాళ్లు ఎక్కడా నోరు తెరవలేదు.

పడమర ఆఠీను రాజు లీడ్ చేసింది, గెలిచింది. ఆసు వేసింది, గెలిచింది. మూడో ఆఠీనును దక్షిణం తురుపుతో కోసింది. డైమను ఆసు ఎలాగూ పోతుంది. అంటే మూడు ట్రిక్కులు పోయినట్టే. ఇక కళావరులో ఒక్కటి కూడా పోకూడదు. కళావరు రాణి ఎవరి దగ్గరుందో పట్టుకుంటే ఆట గెలిచినట్టు. ముక్కలు ఎలా ఉన్నాయంటే ఏ వైపు ఫినెస్ అయినా చేయవచ్చు. పడమర దగ్గర ఉందనుకుంటే ఒక రకంగా, తూర్పు దగ్గర ఉందనుకుంటే మరో రకంగా ఆడాలి. పైకి చూస్తే సగం సగం.

ఇక్కడ తొందరపడి కళావరు ముట్టుకోవడమే తప్పు. ముందు తురుపులు లాగేయాలి. తర్వాత డైమను ఆడాలి. డైమను ఆసు ఎప్పుడైనా పోయేదే, ముందే పోగొట్టుకుంటే నష్టం లేదు. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మాత్రం తెలుస్తుంది. దక్షిణం డైమను 3 వేస్తే పడమర ఆసుతో గెలిచింది. ఇప్పుడు కూడిక చాలు. ఆఠీను ఆసు 4, రాజు 3, డైమను ఆసు 4, మొత్తం 11. కళావరు రాణి కూడా ఉంటే 13. చేతిలో 13 పాయింట్లున్న పడమర, అందరికంటే ముందు పాడే అవకాశం వస్తే, పాస్ చెప్పి ఊరుకునేదా? ఈ రోజుల్లో 11తో తెరిచేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. రెండు ఆసులు, ఒక రాజు ఉన్న చేయి 13 పాయింట్లతో నోరు మూసుకోవడం దాదాపు జరగదు. కాబట్టి రాణి తూర్పుదే. కళావరు రాజు వేసి, డమ్మీ నుంచి జాకీ వేయాలి. తూర్పు చిన్నది వేస్తే అలాగే పోనివ్వాలి, రాణి వేస్తే ఆసుతో కొట్టాలి.

ఆట అయ్యాక మిగతా రెండు చేతులు చూస్తే ఇలా ఉన్నాయి.

పడమర
ఇస్పేటు: 7 4
ఆఠీను: ఆసు రాజు 10 4
డైమను: ఆసు 9 8 5
కళావరు: 7 6 2

తూర్పు
ఇస్పేటు: 9 2
ఆఠీను: రాణి జాకీ 7 3
డైమను: 10 6 4 2
కళావరు: రాణి 8 5

ఈ పంపకంలో గమనించాల్సింది రెండు విషయాలు. ఒకటి, కళావరు రాణి సమాచారం కళావరులో దొరకలేదు, ఆఠీనులో, డైమనులో దొరికింది. రెండోది, వరస. ఊహించాల్సిన సూట్‌ను చివరికి వాయిదా వేసి, ఎలాగూ పోయే ట్రిక్కులను ముందే వదిలేసి సమాచారం కొనుక్కోవడం. అనుభవం ఉన్న డిక్లేరర్ అక్కర్లేదనిపించే సూట్‌ను ముందు కదుపుతున్నారంటే కారణం ఇదే.

మౌనం ఇంకో రకంగా కూడా పలుకుతుంది. డిక్లేరర్ జంట దగ్గర కలిపి మూడే ఆఠీన్లు, 20 పాయింట్లు ఉన్నాయనుకుందాం. అంటే అవతలివాళ్లకు 10 ఆఠీన్లు, 20 పాయింట్లు ఉన్నాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ఆఠీను పాడలేదు. ఒకరి దగ్గర ఏడు ఆఠీన్లు, 13 పాయింట్లు ఉంటే ఇంత మౌనం కుదరదు. ఆఠీన్లు 5–5గానో దానికి దగ్గరగానో, పాయింట్లు పదీ పదిగానో చీలి ఉండే అవకాశమే ఎక్కువ.

పాడినవాళ్లు ఎంత చెప్పేస్తారు

నోట్రంప్ పాటతో మొదలుపెట్టిన ప్రత్యర్థి చెప్పినంత ఇంకెవరూ చెప్పరు. తూర్పు 1 నోట్రంప్‌తో తెరిచింది, వాళ్ల పద్ధతిలో దానికి 15 నుంచి 17 పాయింట్లు. చివరికి పాట మాత్రం దక్షిణం గెలిచింది. ఉత్తర దక్షిణాల దగ్గర 24 ఉంటే బయట ఉన్నవి 16. తూర్పుకు కనీసం 15 పోతే పడమరకు మిగిలేది మహా అయితే ఒక్క జాకీ. డమ్మీలో ఆసు, రాణి ఉండి రాజు బయట ఉంటే, దక్షిణం నుంచి వేసి రాణితో ఫినెస్ చేయడం మామూలు అలవాటు. ఇక్కడ అది ఓడిపోతుందని ముందే తెలుసు, రాజు డమ్మీ తర్వాత ఆడే తూర్పు దగ్గరుంది. పోనీ ఆసు వేస్తే రాజు ఒంటరిగా ఉండి రాలుతుందా? అదీ కష్టమే. 1 నోట్రంప్ సమతూకంగా ఉన్న చేతికి పాడే పాట, మామూలుగా ఏ సూట్‌లోనూ ఒంటరి ముక్క ఉండదు. ఒకే పాట రెండు దారులూ మూసేసింది. మిగిలిన దారి ఒకటే. తూర్పు దగ్గరున్న మిగతా సూట్లను ఖాళీ చేయించి, లీడ్ దాని చేతికే ఇచ్చి, ఆ రాజు ఉన్న సూట్‌ను అదే కదిపేలా చేయాలి. పాట వినకుండా ఆడితే ఈ ఆలోచన రానే రాదు.

మిగతా పాటలను త్వరగా చూద్దాం. మధ్యలో దూరి ఒక సూట్ పాడితే అందులో కనీసం ఐదు ముక్కలు ఉన్నట్టు. ఒకే పాటతో రెండు సూట్లు చూపే పద్ధతులు ఉంటే 5–5 అని దాదాపు తెలిసిపోతుంది, మిగిలిన రెండు సూట్లకు ఆ చేతిలో మూడే చోట్లు. మొదటి పాట మీద జోడీని పాడమని అడిగే డబుల్ చెబితే, అవతలివాళ్లు పాడిన సూట్‌లో ముక్కలు తక్కువని, మిగతా మూడింటిలో ఉన్నాయని అర్థం. ఇస్పేటు పాట మీద తూర్పు అలా డబుల్ చెప్పాక కూడా దక్షిణం ఇస్పేట్లే ఆడుతుంటే, తురుపులు 3–2గా చీలతాయన్న 68 శాతం మీద ఆశ పెట్టుకోకూడదు. ఐదింట నాలుగు పడమర దగ్గరున్నా తట్టుకునేలా ఆట నడపాలి.

తొలి ముక్క వెనుక కథ

తొలి లీడ్ వేసేటప్పుడు పడమరకు డమ్మీ కనిపించదు. తన 13 ముక్కలు, విన్న పాట తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకే ఆ ముక్కను జోడీలు ముందే ఒప్పుకున్న పద్ధతి ప్రకారం వేస్తారు. వరసగా ఉన్న పెద్ద ముక్కల్లో పైది, పొడవైన సూట్‌లో పైనుంచి నాలుగోది, ఇలా. పద్ధతి ప్రకారం వేసే ముక్క జోడీకి ఏం చెబుతుందో డిక్లేరర్‌కూ అదే చెబుతుంది.

నాలుగో ముక్క లీడ్ నుంచి పుట్టినదే, బ్రిడ్జికి మూలమైన విస్ట్ ఆట కాలం నాటి "పదకొండు సూత్రం". లీడ్ చేసిన అంకెను 11 నుంచి తీసేస్తే వచ్చే సంఖ్య, పడమర కాక మిగతా మూడు చేతుల్లో ఆ ముక్క కంటే పెద్దవి ఎన్ని ఉన్నాయో చెబుతుంది. 3 నోట్రంప్ ఆటలో పడమర ఇస్పేటు 7 వేసింది. డమ్మీలో రాణి, 10, 2. దక్షిణం దగ్గర ఆసు, 8, 3. పదకొండులో ఏడు పోతే నాలుగు. డమ్మీలో రెండు, రాణి, 10. దక్షిణంలో రెండు, ఆసు, 8. నాలుగూ లెక్కకు వచ్చేశాయి. తూర్పు దగ్గర 7 కంటే పెద్ద ఇస్పేటు ఒక్కటి కూడా లేదు. డమ్మీ నుంచి 2 వేసి చేతిలోని 8తోనే గెలవచ్చు. ఎనిమిదితో ట్రిక్కు గెలవడం చూసేవాళ్లకు సాహసంలా కనిపిస్తుంది, నిజానికి అది తీసివేత. ఆ తర్వాత చేతి నుంచి 3 వేసినప్పుడు పడమర చిన్నది వేస్తే డమ్మీ 10 కూడా గెలుస్తుంది.

ఇంకో నోట్రంప్ ఆటలో పడమర ఇస్పేటు 2 వేసిందనుకుందాం. రెండు కంటే చిన్న ముక్క లేదు కాబట్టి నాలుగోదే చివరిది. పడమరకు కచ్చితంగా నాలుగే ఇస్పేట్లు. ఇక్కడితో ఆగకూడదు. నోట్రంప్‌లో ఎవరైనా పొడవైన సూట్ నుంచే వేస్తారు. నాలుగు ముక్కల సూట్ వేశారంటే ఐదు ముక్కల సూట్ చేతిలో ఉండకపోవచ్చు. ఈ ఒక్క చిన్న ముక్కతో నాలుగు సూట్ల మీదా పైహద్దు తెలిసింది.

దీన్ని చివరిదాకా లాగి చూద్దాం. ఉత్తర దక్షిణాల దగ్గర ఐదు ఇస్పేట్లు, ఆరు ఆఠీన్లు, ఎనిమిది డైమన్లు, ఏడు కళావర్లు. డైమను రాణి ఎవరి దగ్గరుందో తేలాలి, ఎటైనా ఫినెస్ చేయవచ్చు. ఇస్పేటు 2 లీడ్‌తో పడమరకు నాలుగు ఇస్పేట్లని తెలుసు. మూడు ఆఠీన్లు ఆడితే మూడోదాని మీద పడమర వేరే సూట్ ముక్క పారేసింది, కాబట్టి దానికి రెండే ఆఠీన్లు. కళావర్లు మూడు ఆడితే ఇద్దరూ మూడుసార్లూ కళావరే వేశారు. బయట ఉన్న ఆరు మూడూ మూడు. పడమర చేతిలో నాలుగు, రెండు, మూడు, మొత్తం తొమ్మిది. మిగిలిన నాలుగూ డైమన్లే. బయట ఉన్న ఐదు డైమన్లలో నాలుగు పడమరవి, ఒకటి తూర్పుది. రాణి పడమర దగ్గర ఉండే అవకాశం ఐదింట నాలుగు. మొదట్లో సగం సగం అనుకున్నది 80 శాతానికి చేరింది, అదీ డైమను ముట్టుకోకముందే.

తురుపు ఆటలో లీడ్‌ను చదివే తీరు వేరు. ఆసు కింద నుంచి చిన్న ముక్క వేయడం తురుపు ఆటలో అరుదు. అవతలివాళ్లలో ఒకరికి ఆ సూట్ ఒక్క ముక్కే ఉంటే, తర్వాత వాళ్లు తురుపుతో కోసేస్తారు, ఆసుకు రావాల్సిన ట్రిక్కు రాకుండా పోతుంది. ఈ భయమే డిక్లేరర్‌కు ఆధారం. 4 ఆఠీన్ల ఆటలో పడమర కళావరు 4 వేసింది. డమ్మీలో రాజు, జాకీ, 5. దక్షిణం దగ్గర రెండు చిన్న ముక్కలు. ఆసు, రాణి బయట ఉన్నాయి. డమ్మీ నుంచి రాజు వేయాలా, జాకీ వేయాలా? పడమర దగ్గర ఆసు ఉంటే అది చిన్న కళావరు వేసేది కాదు. రాణి కింద నుంచి వేయడం మాత్రం మామూలే. జాకీ వేయాలి. అదే ముక్కలు నోట్రంప్‌లో ఎదురైతే ఈ ఆధారం ఉండదు. కోసే భయం లేదు కాబట్టి ఆసు ఉన్న పొడవైన సూట్ నుంచి చిన్నది వేయడం అక్కడ రోజూ జరిగేదే.

వేయని లీడ్ సంగతి. ఒక సూట్‌లో ఆసు, రాజు రెండూ ఉంటే తురుపు ఆటలో అంతకంటే హాయైన తొలి లీడ్ లేదు. ట్రిక్కు గెలుస్తుంది, డమ్మీ చూశాక ఏం చేయాలో ఆలోచించుకోవచ్చు. డైమను ఆసు, రాజు రెండూ బయట ఉండి పడమర ఇంకేదో వేసిందంటే, ఆ రెండూ కలిసి దాని దగ్గర లేనట్టే. కనీసం ఒకటి తూర్పుది. డైమను ఒక్కటి కూడా పడకముందే తూర్పు ఖాతాలో మూడు పాయింట్లు చేరాయి. తూర్పు మొదట్లో పాస్ చెప్పి, మిగతా సూట్లలో ఇప్పటికే ఎనిమిది పాయింట్లు చూపి ఉంటే, తురుపు రాణి కోసం పడమర వైపే చూడాలి.

ఒంటరి ముక్క లీడ్‌కూ ఇలాంటి తోక ఉంటుంది. కోతకు ఆశపడి ఒంటరి ముక్క వేసేవారి దగ్గర సాధారణంగా రెండు మూడు చిన్న తురుపులుంటాయి. రాణి, జాకీ, 10 లాంటి తురుపులు ఉంటే వాటికి ట్రిక్కు ఎలాగూ వస్తుంది, కోతతో పనిలేదు. తురుపే లీడ్ చేసినప్పుడు కూడా రాణితో మూడు ముక్కలున్న తురుపు నుంచి వేసి ఉండరనే అనుకోవాలి, ఆ రాణిని వాళ్లే బలిపెట్టినట్టు అవుతుంది కాబట్టి.

ఈ లెక్క ఎక్కడ జారుతుంది

మొదటి ప్రమాదం పద్ధతి తెలియకపోవడం. నాలుగో ముక్కకు బదులు మూడోది, ఐదోది వేసే జంటలు ఉన్నాయి. వాళ్ల మీద పదకొండు సూత్రం ప్రయోగిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. ఆసు, రాజు రెండూ ఉన్నప్పుడు కొందరు రాజు వేస్తారు, కొందరు ఆసు వేస్తారు. దీనికి ఊహాగానం అక్కర్లేదు. ప్రత్యర్థుల ఒప్పందాలు తెలుసుకునే హక్కు డిక్లేరర్‌కు నిబంధనల్లోనే ఉంది. తన వంతు వచ్చినప్పుడు పాటకు అర్థం ఏమిటో, లీడ్ పద్ధతి ఏమిటో అడగవచ్చు, వాళ్లు చెప్పి తీరాలి. మొహమాటపడి అడగకుండా ఆడేవాళ్లు చేతికి అందిన సమాచారాన్ని వదిలేసుకుంటున్నారు.

రెండోది ఖాళీ చోట్ల లెక్కను అతిగా నమ్మడం. పడమర నోట్రంప్‌లో లీడ్ చేసిన సూట్ 5–2గా చీలిందని తెలిస్తే, మిగతా సూట్లలో ముక్కలు తూర్పు వైపే ఎక్కువని తేల్చేయడం సులువు. కానీ పడమర తన చేతిలో పొడవైన సూట్‌ను ఏరి మరీ వేసింది. తూర్పుకూ తనదైన పొడవైన సూట్ ఒకటి ఉండవచ్చు, లీడ్ దానిది కాదు కాబట్టి అది మనకు ఇంకా కనబడలేదు. ఎంచుకుని చూపిన ఒక్క సూట్‌ను, అనుకోకుండా బయటపడిన సమాచారంతో సమానంగా తూచకూడదు. రెండో సూట్ చీలిక కూడా తెలిశాకే ఖాళీ చోట్ల లెక్కకు బలం వస్తుంది.

మూడోది అవతలివాళ్ల తడబాటు. ముక్క వేయడానికి తూర్పు తటపటాయిస్తే దాని నుంచి డిక్లేరర్ ఏదైనా ఊహించుకోవచ్చు. ఆ ఊహకు పూచీ మాత్రం తనదే అని 73వ నిబంధన చెబుతుంది. కావాలని ఆలోచిస్తున్నట్టు నటించి మోసం చేయడం నిషేధం. టెన్షన్‌తో ఆగిన చేతికీ నిజంగా ఆలోచించి ఆగిన చేతికీ తేడా బయటినుంచి తెలియదు. పాట, లీడ్ ఇచ్చే ఆధారం ముందు ఇది బలహీనమైనది.

నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది. అవతలివాళ్లకూ ఈ లెక్క వచ్చు. పైన చూసిన 4 ఇస్పేట్ల ఆటనే మళ్లీ తీసుకుందాం. డైమను ఆసును పడమర దాచగలదా? మొదటిసారి చిన్నది వేసి డమ్మీ రాజును గెలవనివ్వవచ్చు. కానీ డిక్లేరర్ మళ్లీ డైమను ఆడతారు. రెండోసారి కూడా వదిలేస్తే డైమనులో పోవాల్సిన ట్రిక్కే పోకుండా మిగిలిపోతుంది, అప్పుడు కళావరులో ఒకటి పోయినా ఆట గెలిచినట్టే. కాబట్టి డైమనులో దాపరికం కుదరదు. ఆఠీనులో కుదురుతుంది. పడమర ఆసు రాజు నుంచీ, రాజు రాణి నుంచీ కూడా రాజునే లీడ్ చేసే జంట అనుకుందాం. రాజు గెలిచాక ఆసు వేయకుండా చిన్న 4 వేస్తే, తూర్పు జాకీతో గెలిచి తురుపు వెనక్కి వేస్తుంది. ఆసు, రాణి రెండూ బయటపడలేదు. డిక్లేరర్‌కు పడమర దగ్గర ఆసు రాజు ఉన్నాయా, రాజు రాణి ఉండి ఆసు తూర్పు దగ్గరుందా తెలియదు. మొదటిదైతే పడమర చూపినవి 11, కళావరు రాణికి చోటు లేదు. రెండోదైతే 9, రాణితో కలిపి 11. దాంతో పాస్ చెప్పడం మామూలే. ఒక్క చిన్న ఆఠీనుతో పడమర తన పాస్‌లోని సాక్ష్యాన్ని చెరిపేసింది, కళావరు రాణి మళ్లీ ఎటూ తేలని ప్రశ్న అయింది.